వెచ్చని తిన్నె: బెంగళూరు శివారు ఇంట్లో రాకెట్ పొయ్యి కట్టుకునే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే చాలు, "మీ ఇంట్లో ఆ వెచ్చని తిన్నె ఎట్లా కట్టారు? కొలతలు పంపండి" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. కట్టెల మంట మీద ఇనుప డ్రమ్ము బోర్లించి, ఆ వేడిగాలిని మట్టి తిన్నె కడుపులోని పైపు గుండా తిప్పి బయటికి పంపే రాకెట్ పొయ్యి అది. కొలతలు మాత్రమే పంపితే పని చెడుతుంది. ఇద్దరికి అలా పంపి, వాళ్ల ఇళ్లు పొగతో నిండాక ఈ మాట అంటున్నాను. అందుకే మొదటి నుంచీ, ఏది ముందు ఏది వెనక అన్నది సహా, రాస్తున్నాను.

మా ఇల్లు దేవనహళ్ళి దాటాక, చిక్కబళ్ళాపురం రోడ్డుకు లోపలగా ఉంది. బెంగళూరే సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తు. జనవరి తెల్లవారుజామున ఊరి మధ్యలో ఎంత చలి ఉన్నా, చెట్లూ పొలాలూ ఉన్న మా వైపు అంతకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువే. మా అవ్వకు కీళ్లనొప్పులు. గది మొత్తం ఉడికిపోనక్కర్లేదు, ఆమె కూర్చునే చోటు వెచ్చగా ఉంటే చాలు. మంచు కురిసే దేశాల్లో కట్టే, పైపు వ్యాసం 8 అంగుళాలుండే పెద్ద పొయ్యి మనకు దండగ. ఇక్కడ చెప్పేదంతా 6 అంగుళాల చిన్న పొయ్యి గురించే.

1. ముందు మీ ఇల్లు చూసుకోండి

అపార్టుమెంటులో ఉండేవాళ్లు ఇక్కడితో ఆపేయండి. బరువు లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది.

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న మట్టి తిన్నె అంటే 18 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 48 కిలోలు వేసుకున్నా సుమారు 860 కిలోలు. అది ఆనేది 1.1 చదరపు మీటరు మీద. మన ఇళ్ల స్లాబులకు ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే వాడుక బరువు (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే దాదాపు నాలుగింతలు. మేడ మీద ఆలోచనే పెట్టుకోవద్దు. నేల మీద, గట్టి పునాది మీద మాత్రమే.

ఇవి కూడా చూసుకోండి:

- పొగగొట్టం కప్పు దాటి నిలువుగా పైకి పోవడానికి దారి ఉందా? మధ్యలో దూలం అడ్డొస్తే చోటు మార్చండి.
- డ్రమ్ము చుట్టూ 3 అడుగుల లోపు కర్టెన్లు, సోఫా, చెక్క బీరువా లాంటివి ఉండకూడదు. ఇటుక గోడకైతే అడుగు దూరం చాలు.
- గదిలోకి బయటి గాలి వచ్చే కిటికీ ఉందా? పొయ్యి గదిలో గాలినే పీలుస్తుంది. అన్నీ బిగించి కూర్చుంటే మంటకూ ఊపిరాడదు, మనకూ ఆడదు.
- పడకగదిలో వద్దు. హాల్లోనో, వంటింటి పక్క వసారాలోనో పెట్టుకోండి.

2. భాగాల పేర్లు, అన్నిటికీ ఒకటే లెక్క

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు తికమక రాకుండా మేము పెట్టుకున్న పేర్లు ఇవి. కట్టె నిలువుగా దించే చోటు నోరు. అక్కడి నుంచి మంట అడ్డంగా పరిగెత్తేది మంటదారి. మంట పైకి లేచేది నిలువు గొట్టం. దానిమీద బోర్లించేది డ్రమ్ము. డ్రమ్ములోంచి కిందికి దిగిన వేడిగాలి పైపులోకి మళ్లే చోటు కూడలి. ఆ పైపు తిన్నె కడుపులో తిరిగి, చివరికి పొగగొట్టంలో కలుస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే. గాలి నడిచే దారి ఎక్కడా ఇరుకు కాకూడదు. 6 అంగుళాల గుండ్రటి పైపు నోటి వైశాల్యం 28 చదరపు అంగుళాలు. మంటదారి, నిలువు గొట్టం, కూడలి, పొగగొట్టం అన్నీ దానికి సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి. ఒక్క నోరు మాత్రం పిసరంత తక్కువైనా పరవాలేదు, మంచిదే.

ఎత్తుల లెక్క ఇది: నోరు 15 అంగుళాలైతే మంటదారి పొడవు 24 లోపు, నిలువు గొట్టం 46, 47 దాకా. నిలువు గొట్టం పొట్టిదైతే లాగే బలం చాలదు. నోరు పొడుగైతే కట్టె పైకి అంటుకుని పొగ గదిలోకి కొడుతుంది. "ఇంకో వరస పెడితే చూడ్డానికి బాగుంటుంది సామీ" అని మా మేస్త్రీ నోటిని ఎత్తబోయాడు. అందం కోసం ఇక్కడ ఒక్క ఇటుక కూడా పెంచవద్దు.

3. సరుకులు

- అగ్ని ఇటుకలు, 9 × 4½ × 3 అంగుళాలవి, సుమారు 80. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడ వైపు ఫౌండ్రీలకు సరుకిచ్చే దుకాణాల్లో విడిగా కూడా ఇస్తారు.
- అగ్ని ఇటుకలకు వాడే ఫైర్ క్లే, ఒక బస్తా. సిమెంటు వద్దు. ఆ వేడికి సిమెంటు పిండైపోతుంది.
- 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, మూత ఊడే రకం. వంటనూనెవో పండ్లరసానివో అడిగి తీసుకోండి. పురుగుమందు, థిన్నర్ పోసిన డ్రమ్మును ఉచితంగా ఇచ్చినా వద్దు. దాన్ని గ్రైండరుతో కోస్తే పేలే ప్రమాదం ఉంది.
- పెర్లైట్, రెండు పెద్ద సంచులు. నర్సరీల్లో మొక్కల మట్టిలో కలపడానికి అమ్ముతారే, అదే.
- 6 అంగుళాల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), మలుపులకు బెండ్లు మూడు, ఇంగ్లీషు T ఆకారంలో ఉండే, మూతలున్న టీలు మూడు. జీఐ పైపు తిన్నె లోపలికీ పొగగొట్టానికీ మాత్రమే. నిలువు గొట్టంలో పెడితే జింకు పూత కరిగి పొగలు కక్కుతుంది. అది పీలిస్తే జ్వరం వస్తుంది.
- ఎర్రమట్టి, ఎం శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక), 20 ఎంఎం జల్లి (కంకర), తరిగిన వరిగడ్డి. రాగి గడ్డి దొరికినా సరే.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం. చివర్లో చూద్దాంలే అని దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

స్టెయిన్‌లెస్ స్టీలు పైపుతో నిలువు గొట్టం చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. లోపల వేడి 800 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు స్టీలు ఒకటి రెండేళ్లలో పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇటుకే పెట్టండి.

4. మట్టి పూయకముందు ఆరుబయట పేర్చి చూడండి

అందరూ దాటేసే మెట్టు ఇదే, చెడిపోయిన పొయ్యిల్లో చాలావాటికి కారణమూ ఇదే. పెరట్లో చదునైన చోట, ఏ మట్టీ పూయకుండా ఇటుకలు పేర్చండి. ఒక ఆదివారం చాలు.

మొదట నేల వరస: ఇటుకలు అడ్డంగా 7 పరచండి. దానిమీద మంటదారి గోడలు, ఇటుకలు పడుకోబెట్టి రెండు వరసలు. ఇటుక మందం 3 అంగుళాలు కాబట్టి ఎత్తు సరిగ్గా 6 వస్తుంది. రెండు గోడల మధ్య 5 అంగుళాలు వదలండి. ఐదారులు ముప్పై, సరిపోయింది.

కప్పుకు ఇటుకలు అడ్డంగా వేస్తే 5 అంగుళాల సందు మీద అటు 2, ఇటు 2 అంగుళాలు ఆనుతుంది. నోటికీ నిలువు గొట్టానికీ మధ్య ఈ కప్పు 13 అంగుళాలు ఉండాలి. అంతకు తగ్గితే డ్రమ్ము వచ్చి నోటి మీద కూర్చుంటుంది.

నిలువు గొట్టానికి వరసకు నాలుగు ఇటుకలు. వాటిని అంచు మీద నిలబెట్టి, ఒకదాని కొన రెండోదాని పక్కకు తగిలేలా గాలిమర ఆకారంలో తిప్పండి. మధ్యలో 6 × 6 రంధ్రం దానంతటదే వస్తుంది. పై వరసను ఎదురు దిక్కుకు తిప్పితే కీళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. మంటదారి పైన ఇలా 9 వరసలు. ఒక్కో వరస 4½ అంగుళాలు, మొత్తం 40½. కింద మంటదారి ఎత్తు 6 కలిపితే 46½.

ఇప్పుడు డ్రమ్ము లేకుండానే కాగితం, పుల్లలు వేసి ముట్టించండి. పది నిమిషాల్లో మంట వంగి మంటదారిలోకి పోవాలి. "గుర్ర్..." మని ఎద్దు రంకె ముందు చేసే చప్పుడు లాంటిది వినిపించాలి. పైన పొగ తెల్లగా కాకుండా, దాదాపు కనిపించకుండా ఉండాలి.

రాకపోతే ఇక్కడే సరిచేసుకోండి. సందుల్లోంచి గాలి దూరుతోందా? తడిమట్టితో తాత్కాలికంగా మెత్తండి. కట్టె తడిగా ఉందా? మార్చండి. ఇక్కడ గుర్రుమనని పొయ్యి ఇంట్లో కూడా అనదు.

5. లోపల కట్టుబడి

1. నేలమీద 3 అంగుళాల మందాన పెర్లైట్‌ను పలుచని బంకమట్టి నీళ్లతో కలిపి పరచండి. ఇది లేకపోతే వేడి మొదట భూమిలోకి పోతుంది. పెర్లైట్ పోసేటప్పుడు మాస్కు వేసుకోండి.
2. పెరట్లో పేర్చినట్టే మళ్లీ పేర్చండి, ఈసారి ఫైర్ క్లే పూతతో. పూత పల్చగా, మజ్జిగ చిక్కదనంలో ఉండాలి. ఇటుకను అందులో ముంచి పెడితే చాలు. అంగుళం మందాన గార పెట్టే అలవాటు మేస్త్రీలకు ఉంటుంది. దగ్గరుండి ఆపండి.
3. నిలువు గొట్టం చుట్టూ 18 అంగుళాల వ్యాసంతో పల్చటి రేకు చుట్టి, మధ్య ఖాళీలో పెర్లైట్ నింపండి. పైన బంకమట్టితో మూత వేయండి. లోపలి వేడిని లోపలే ఉంచితేనే పొగ పూర్తిగా కాలిపోతుంది.
4. డ్రమ్ము కూర్చోవడానికి గుండ్రటి గోడ కట్టండి. మంటదారి నేల నుంచి దాని పైఅంచు 14 అంగుళాలు రావాలి. డ్రమ్ము ఎత్తు సుమారు 35, రెండూ కలిపితే 49. నిలువు గొట్టం 46½. అంటే పైన రెండున్నర అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ 2 కంటే తగ్గకూడదు. మీ డ్రమ్మును టేపుతో కొలిచి, తేడా ఉంటే గోడను సవరించండి.
5. డ్రమ్మును ముందే బయట పెట్టి, లోపల గట్టిగా మంట వేసి రంగంతా కాల్చేయండి. ఆ వాసన ఇంట్లో పడితే వారం పోదు.

ఇక కూడలి. నా మొదటి పొయ్యి చెడింది ఇక్కడే. డ్రమ్ములోంచి దిగిన గాలి తిన్నె పైపులోకి మళ్లే చోట సరిగ్గా 6 అంగుళాల రంధ్రం వదిలాను. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ మలుపు తిరిగే గాలికి అంత చోటు చాలదు, పైగా బూడిద కూడా అక్కడే పేరుకుంటుంది. మొదటి వారం బానే మండింది, రెండో వారం నోట్లోంచి పొగ తన్నింది. అవ్వ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇంతకన్నా కుంపటే మేలు గదరా" అంది. ఆరిన తిన్నెను గడ్డపారతో పగలగొట్టి మళ్లీ కట్టాను.

కాబట్టి కూడలి దగ్గర కనీసం 8 × 8 అంగుళాల వాకిలి వదలండి. అక్కడి నుంచి నెమ్మదిగా 6కు తగ్గించండి. పైపు మూతి ముందు జానెడు ఖాళీ ఉండాలి. బూడిద పడటానికి కింద చిన్న గుంత, తీయడానికి చెయ్యి పట్టేంత తలుపు పెట్టండి.

6. తిన్నె

6 అంగుళాల పొయ్యికి తిన్నె లోపలి పైపు మొత్తం 25 అడుగులు దాటనివ్వకండి. అయితే ప్రతి 90 డిగ్రీల మలుపునూ 5 అడుగులుగా లెక్కపెట్టాలి. మా తిన్నెలో పైపు 5 అడుగులు వెళ్లి, రెండు బెండ్లతో వెనక్కి తిరిగి, 5 అడుగులు వచ్చి, ఇంకో బెండుతో పైకి లేస్తుంది. పది అడుగుల పైపు, మూడు మలుపులకు పదిహేను, మొత్తం సరిగ్గా 25. పదడుగుల తిన్నె కావాలని అడిగిన మిత్రుడికి చెప్పినదే మీకూ చెప్తున్నాను: తిన్నె పొడుగు చేసుకోండి, పైపును మాత్రం పొడుగు చేయకండి. ఆ చివర ఖాళీగా, చల్లగా ఉన్నా పరవాలేదు.

మలుపు ఉన్న ప్రతిచోటా మూత తీయగలిగే టీ పెట్టండి. ఆ మూతలు తిన్నె బయటకు కనిపించాలి. మట్టితో అందంగా కప్పేస్తే రెండేళ్లకు మళ్లీ గడ్డపారే గతి.

మట్టి పాళ్లు: బంకతనం ఉన్న ఎర్రమట్టి ఒక పాలు, ఎం శాండ్ రెండు పాళ్లు, గుప్పెళ్లకొద్దీ తరిగిన గడ్డి. శాండ్‌లో పొడి ఎక్కువుంటే జల్లెడ పట్టండి. మట్టిలో బంక ఎంతుందో తెలియాలంటే గాజు సీసాలో సగం మట్టి, సగం నీళ్లు పోసి బాగా ఊపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కు, బంక పైకి పొరలుగా తేరుతుంది. కలిపిన మట్టిని నారింజకాయంత ఉండ చేసి నడుమెత్తు నుంచి వదలండి. పెంకులై పగిలితే బంక చాలలేదు. పిండిముద్దలా చదునైతే నీళ్లెక్కువ. పడి కొంచెం నొక్కుకుని నిలబడితే సిద్ధం.

పైపు చుట్టూ మొదట మెత్తటి మట్టిని ఖాళీల్లేకుండా అదమండి. గాలి పొర మిగిలితే వేడి బయటికి రాదు. తర్వాత జల్లి, రాళ్లు కలిపి నింపండి. రాయి ఎంత ఎక్కువుంటే అంత వేడి దాస్తుంది. ఏట్లో నీళ్లల్లో నానిన గుండ్రాళ్లను మాత్రం డ్రమ్ము దగ్గర పెట్టకండి. లోపలి తడి ఆవిరై రాయి చిట్లిపోవచ్చు. పైపు మీద కూర్చునే వైపు 5 అంగుళాల మట్టి ఉండాలి. మూడే పెడితే కూడలి దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు.

7. పొగగొట్టం

డ్రమ్ముకు దగ్గరగానే పైకి లేపండి. ఆ వేడికి లాగే బలం పెరుగుతుంది. కప్పు మీద కనీసం 3 అడుగులు ఎత్తు ఉండాలి. పక్కన పిట్టగోడో నీళ్ల ట్యాంకో ఉంటే దానిని దాటి పైకి పోవాలి. వానకు టోపీ పెట్టండి, కానీ గాలిదారి మూసుకుపోయేంత కిందికి కాదు.

స్లాబుకు రంధ్రం వేయించే ముందు లోపలి ఇనుప కమ్మీ ఎక్కడుందో ఇంజనీరును అడగండి. పైపు చుట్టూ పెద్ద పైపు తొడిగి మధ్యలో ఖాళీ వదలండి. కప్పు రేకులదైతే దాని కింది చెక్క వాసాలకు పైపు తగలకుండా చూడండి.

పొగగొట్టంలో తిప్పి మూసే పలక పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను పెట్టలేదు, మీరూ పెట్టవద్దు. నిప్పులు ఆరకముందే ఎవరో ఒకరు దాన్ని మూస్తారు. ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

8. ఆరబెట్టడం

బెంగళూరులో ఈ పనికి ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. వానలు రాకముందే ఆరిపోతుంది. అక్టోబరులో మొదలుపెడితే సంక్రాంతి దాకా చెమ్మే.

మొదటి పది రోజులు మంట వద్దు, కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టండి. తర్వాత వారం రోజులు రోజుకో చిన్న మంట, అరగంట చాలు. తిన్నె మీద నీటి చెమట కనిపిస్తుంది, కంగారు పడకండి. సన్నటి పగుళ్లు వస్తాయి. వాటిని తడిపి అదే మట్టితో రుద్దండి. వేలు దూరేంత పగులు వస్తే బంక ఎక్కువైందని అర్థం. పై పొర గీకి, ఇసుక పెంచి మళ్లీ పూయండి. అంతా ఆరాక సున్నమో, పేడ అలుకో వేసుకోవచ్చు. ప్లాస్టిక్ రంగు వద్దు.

9. ముట్టించే వరస

- కిటికీ కొంచెం తెరవండి.
- పొగగొట్టం అడుగునున్న టీ మూత తీసి, ఒక కాగితం ఉండ వెలిగించి పెట్టి, మూత బిగించండి. చల్లబడిన గొట్టంలో గాలి పైకి కదలడం మొదలవుతుంది.
- నోట్లో కాగితం వెలిగించి, మంట లోపలికి వంగాక సన్నటి పుల్లలు వేయండి.
- గుర్రుమన్నాక మణికట్టు లావు కట్టెలు నిలువుగా, ఒత్తుగా దించండి. కట్టె కాలేకొద్దీ తనంతట తనే దిగుతుంది.
- నోటిమీద ఒక ఇటుకను జరుపుతూ గాలిని సవరించండి. పూర్తిగా మూయకండి.

కట్టె ఏదైనా బాగా ఎండాలి. సర్వి, నీలగిరి, సిల్వర్ ఓక్, మామిడి కొమ్మలు చీల్చి వానపడని చోట ఆరు నెలలుంచితే చాలు. రెండు ముక్కలు కొడితే "టక్" మని మోగాలి, "దబ్" మనకూడదు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క వద్దు. గన్నేరు కొమ్మలు అసలే వద్దు, వాటి పొగ విషం.

మాకు సాయంత్రం గంటన్నర మండిస్తే తెల్లవారేదాకా తిన్నె గోరువెచ్చగా ఉంటుంది. సన్నటి మంటను రాత్రంతా సాగదీయాలని చూడకండి. ఈ పొయ్యి కాసేపు ఉధృతంగా మండి ఆగిపోవాలి. మెల్లగా కాలిస్తే పొగ కాలక, పైపులో మసి పడుతుంది.

10. తేడా వస్తే

నోట్లోంచి పొగ వస్తోంది. మొదట కట్టె తడి చూడండి. తర్వాత కూడలిలో బూడిద తీయండి. అదీ కాకపోతే వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోందేమో చూడండి. మా ఇంట్లో చాలాసార్లు దొంగ అదే.

డ్రమ్ము కాలిపోతోంది, తిన్నె చల్లగా ఉంది. పైపు చుట్టూ గాలి పొర మిగిలిపోయి ఉంటుంది, లేదా మట్టి ఇంకా లోపల తడిగా ఉంటుంది. ఇంకో రెండు వారాలు చూసి అప్పుడు తవ్వండి.

పొగగొట్టం అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. పొగలోని ఆవిరి చల్లబడి కారడం అది. మొదట్లో మామూలే. నెల దాటినా ఆగకపోతే కట్టె తడి, లేదా పైపు మరీ పొడుగు.

గాలి ఎదురు కొట్టిన రోజు పొగ వెనక్కి వస్తోంది. పొగగొట్టం ఇంకో రెండడుగులు పెంచండి.

11. అలారం, బూడిద

అలారాన్ని కూర్చున్న మనిషి తల ఎత్తులో, డ్రమ్ముకు పదడుగుల దూరంలో పెట్టండి. నెలకోసారి మీట నొక్కి పరీక్షించండి. అది మోగితే కారణం వెతకవద్దు. తలుపులు తెరిచి అందరూ బయటికి నడవండి. వెతకడం తర్వాత.

డ్రమ్ము పైభాగం 300 డిగ్రీలు దాటగలదు. పాకే పిల్లలుంటే చుట్టూ ఇనుప జాలీ పెట్టాలి. తిన్నె మీద బొంత పరచవచ్చు కానీ రబ్బరు పరుపు, ఫోము దిండ్లు మంట వేసిన గంటల్లో పెట్టకండి. వేడి బయటికి పోక కింద పేరుకుంటుంది.

మంటదారి బూడిద వారానికోసారి తీయండి. ఇనుప బకెట్లో పోసి ఒక రాత్రి బయట ఉంచాకే చెట్లకు వేయండి. పైన చల్లగా కనిపించినా అడుగున నిప్పు ఉంటుంది. కూడలి నెలకోసారి, తిన్నె పైపులు ఏడాదికోసారి, దసరా తర్వాత, చలి మొదలయ్యేలోపు. టీ మూతలు తీసి పొడుగాటి బ్రష్షు తోస్తే గంట పని. మూతలు మళ్లీ పెట్టేటప్పుడు అంచులకు తడి బంకమట్టి రాయండి. వచ్చే ఏడాది తేలిగ్గా ఊడి వస్తాయి.